‘ది టైపింగ్ ఆఫ్ ది డెడ్’ ఆడుతూ కీబోర్డు చూడకుండా టైపింగ్ నేర్చుకోవడం ఎలా?

నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది: “టైపింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, నాలుగు రోజులకే విసుగొచ్చి మానేశాను. ఇంకో దారి ఉందా?” రెండోది: “టైపింగ్ ఆఫ్ ది డెడ్ మొదలుపెట్టాను, మొదటి బాస్ (స్టేజి చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరే చచ్చిపోతున్నాను. ఏం చేయాలి?” రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి ఒకేచోట రాస్తున్నాను.

ఆట గురించి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. సెగా కంపెనీకి ‘ది హౌస్ ఆఫ్ ది డెడ్’ అని ఒక హారర్ సిరీస్ ఉంది. మీదికొచ్చే జాంబీలను తెర వైపు తుపాకీ గురిపెట్టి కాల్చే ఆర్కేడ్ ఆటలవి, అంటే గేమ్ సెంటర్లలో డబ్బులు వేసి ఆడేవి. 1998లో వచ్చిన రెండో భాగాన్నే తీసుకుని, తుపాకీ స్థానంలో కీబోర్డు పెట్టి, 1999లో ఈ పేరడీని విడుదల చేశారు. 2000లో సెగా వాళ్ళ గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌కి, తర్వాత పీసీకి వచ్చింది. నగరం అదే, శవాలూ అవే, భయపెట్టే సంగీతమూ అదే. కానీ ఇందులో హీరోలు వీపుకి డ్రీమ్‌కాస్ట్ కన్సోలూ పెద్ద బ్యాటరీలూ తగిలించుకుని, పొట్ట దగ్గర కీబోర్డు పెట్టుకుని, మొహంలో నవ్వన్నది లేకుండా జాంబీల మధ్య నడుస్తుంటారు. ప్రతి జాంబీ ఒంటి మీదా ఒక పదం కనిపిస్తుంది. ఆ పదం టైప్ చేస్తే జాంబీ చస్తుంది, ఆలస్యమైతే మనల్ని కొడుతుంది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందంటే, జాంబీ మీదికొస్తుంటే తల వంచి కీబోర్డు చూసే తీరిక ఉండదు. చూడకుండా టైప్ చేయడం అలవాటు కావాలంటే అదే కావాలి. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వెళదాం.

కావలసినవి

ఆట కావాలి. 2013లో పీసీకి వచ్చిన ‘ది టైపింగ్ ఆఫ్ ది డెడ్: ఓవర్‌కిల్’ కొత్త కంప్యూటర్లకు అనువైనది. 2009లో నింటెండో వీ అనే కన్సోల్ కోసం ఇదే సిరీస్‌లో వచ్చిన ‘ఓవర్‌కిల్’ అనే ఆటకి ఇది టైపింగ్ రూపం. పాత డ్రీమ్‌కాస్ట్ డిస్కు, దానికి తగ్గ కీబోర్డు మీ దగ్గరుంటే ఇంకా మంచిది. హాస్యం పరంగా నాకు పాతదే ఎక్కువ ఇష్టం.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఓవర్‌కిల్‌లో రక్తం ఎంత ఉంటుందో బూతులు అంతకంటే ఎక్కువ ఉంటాయి. అత్యధిక బూతులున్న వీడియో గేమ్‌గా దాని మూలం ఒకప్పుడు గిన్నిస్ రికార్డుకెక్కింది కూడా. కాబట్టి పిల్లలకి నేర్పడానికి ఇది వద్దు. ఇక రెండోది, పాత పీసీ ఆటని “ఫ్రీ డౌన్‌లోడ్” అంటూ ఇచ్చే ఊరూపేరూ లేని సైట్ల జోలికి వెళ్ళకండి. ఆ ఫైళ్ళలో ఆటతోపాటు వైరస్ కూడా రావచ్చు.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోయినా, పిల్లలతో ఆడించాలనుకున్నా ‘జెడ్‌టైప్’ అనే ఆట బ్రౌజర్‌లోనే ఉచితంగా ఆడుకోవచ్చు. అందులో జాంబీల బదులు అంతరిక్ష నౌకలు ఉంటాయి. మొదటి అక్షరం కొట్టగానే గురి కుదరడం, మిగతా అక్షరాలు తూటాల్లా వెళ్ళడం అనే సూత్రం ఒకటే కాబట్టి కింద చెప్పిన చాలా విషయాలు దానికీ పనికొస్తాయి.

మామూలు కీబోర్డు చాలు. ఖరీదైన గేమింగ్ కీబోర్డు అవసరం లేదు. అయితే ఎఫ్, జె కీల మీద వేలికి తగిలే చిన్న గీతలు అరిగిపోకుండా ఉండాలి. ల్యాప్‌టాప్ మీద కూడా ఆడవచ్చు కానీ తెర మరీ కిందికి ఉంటే మెడ వంగుతుంది, మెడ వంగితే చూపు కీబోర్డు మీదికి జారుతుంది. వీలైతే ల్యాప్‌టాప్‌ని ఎత్తులో పెట్టి, విడి కీబోర్డు తగిలించుకోండి.

వీటితోపాటు ఒక నోట్‌బుక్, పెన్ను.

1. ముందు కంప్యూటర్‌ని సిద్ధం చేయండి

దీన్ని దాటేసి వచ్చి “ఆట పనిచేయడం లేదు” అనేవాళ్ళే ఎక్కువ. తెలుగులో టైప్ చేసే అలవాటున్నవాళ్ళ కంప్యూటర్‌లో భాష తెలుగులో ఉండిపోతుంది. ఆట మొదలయ్యాక ఏ కీ నొక్కినా తూటా పేలదు. అందుకని ఆట తెరవకముందే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకి మార్చండి. తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఒక వాక్యం కొట్టి చూసుకోండి. క్యాప్స్ లాక్ ఆఫ్ చేయండి.

విండోస్‌లో షిఫ్ట్ కీని వరుసగా 5 సార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒక పెట్టె తెర మీదికి వస్తుంది. బాస్‌తో పోరాటం మధ్యలో అది వచ్చిందంటే ప్రాణం పోయినట్టే. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలోకి వెళ్ళి ఆ షార్ట్‌కట్‌ని ఆపేయండి. మెసేజ్ నోటిఫికేషన్లు కూడా ఆ కాసేపు ఆపితే మంచిది.

2. చేతులు పెట్టే చోటు

ఎడమ చూపుడు వేలు ఎఫ్ మీద, కుడి చూపుడు వేలు జె మీద. మిగతా వేళ్ళు వాటి పక్కన వరుసగా వాలతాయి. ఎడమ చేతికి ఏ, ఎస్, డి, ఎఫ్. కుడి చేతికి జె, కె, ఎల్, సెమీకోలన్. బొటనవేళ్ళు స్పేస్ మీద.

ఏ వేలికి ఏ అక్షరమో చెబుతాను, ఒకసారి కీబోర్డు దగ్గర పెట్టుకుని చదవండి. ఎడమ చిటికెన వేలు: క్యూ, ఏ, జెడ్. ఎడమ ఉంగరం వేలు: డబ్ల్యూ, ఎస్, ఎక్స్. ఎడమ మధ్య వేలు: ఈ, డి, సి. ఎడమ చూపుడు వేలిది పెద్ద కుటుంబం: ఆర్, ఎఫ్, వి, టి, జి, బి. కుడి చూపుడు వేలిది కూడా అంతే: వై, హెచ్, ఎన్, యు, జె, ఎమ్. కుడి మధ్య వేలు: ఐ, కె, కామా. కుడి ఉంగరం వేలు: ఓ, ఎల్, ఫుల్‌స్టాప్. కుడి చిటికెన వేలు: పి, సెమీకోలన్, స్లాష్.

ప్రతి పదం అయ్యాక వేళ్ళు మళ్ళీ ఎఫ్, జె దగ్గరికి రావాలి. ఇదొక్కటి పాటిస్తే సగం పని అయినట్టే.

3. కథలోకి దూకకండి, ట్యుటోరియల్‌తో మొదలుపెట్టండి

పాత ఆటలో ఆర్కేడ్, ఒరిజినల్, ట్యుటోరియల్, డ్రిల్, బాస్ అని విభాగాలున్నాయి. అందరూ నేరుగా ఆర్కేడ్ నొక్కి, రెండు నిమిషాల్లో చచ్చిపోయి, ఆట కష్టంగా ఉందని మూసేస్తారు. ట్యుటోరియల్, డ్రిల్ విభాగాలు ఉన్నది కొత్తవాళ్ళ కోసమే. చూడకుండా చిన్న పదాలు కొట్టడం వచ్చేదాకా అక్కడే ఉండండి. ఓవర్‌కిల్ ఆడేవాళ్ళు మొదటి అధ్యాయాన్నే డ్రిల్ అనుకుని తక్కువ కష్టం ఉన్న స్థాయిలో మళ్ళీమళ్ళీ ఆడండి. కథ ముందుకు కదలడం లేదే అని బాధపడవద్దు. పదాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ అధ్యాయం పాతబడదు.

4. కీబోర్డుని కప్పేయండి

చూడకూడదని మనసులో అనుకుంటే సరిపోదు, కళ్ళు మాట వినవు. ఒక పల్చని గుడ్డని ముంజేతుల మీదుగా కీబోర్డు కనపడకుండా వేసుకోండి. కీల మీద స్టిక్కర్లు అంటించేవాళ్ళూ ఉన్నారు, నాకైతే గుడ్డే నయం. అవసరమైనప్పుడు తీసేయవచ్చు.

ఇలా చేయగానే వేగం సగానికి పడిపోతుంది. రెండు వేళ్ళతో చూస్తూ వేగంగా కొట్టడం వచ్చినవాళ్ళకి ఇది మరీ చికాకు. “ముందే బాగుంది కదా” అని గుడ్డ తీసేసేది ఇక్కడే. తీయకండి. చచ్చిపోతే చచ్చిపోండి, ఆటలో మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

5. ఒక్కో తప్పు అక్షరం దగ్గర ఆగడం నేర్చుకోండి

మొదటి బాస్ దగ్గర చచ్చిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయేది ఈ విషయంలోనే.

పదంలోని మొదటి అక్షరం కొట్టగానే ఆట ఆ జాంబీ మీద గురి కుదురుస్తుంది. ఆ తర్వాత ఒక్కో సరైన అక్షరం ఒక్కో తూటా. తప్పు అక్షరం కొడితే తూటా పేలదు, పదం అక్కడే ఆగి ఉంటుంది. బ్యాక్‌స్పేస్‌తో దిద్దే పని లేదు, ఆ సరైన అక్షరం కొట్టాలి, అంతే. కానీ చేతులు భయంలో పరిగెడుతుంటాయి కదా, మూడో అక్షరం తప్పు పడినా నాలుగోది, ఐదోది, ఆరోది కొట్టుకుంటూ పోతాం. అవేవీ లెక్కలోకి రావు. తల ఎత్తి చూస్తే పదం మూడో అక్షరం దగ్గరే ఉంటుంది, జాంబీ మాత్రం దగ్గరికి వచ్చేస్తుంది. టెన్షన్‌లో మళ్ళీ అన్ని కీలూ బాదుతాం.

దీనికి మందు ఒకటే. కళ్ళు పదం మీద ఉండాలి, తూటా శబ్దం చెవికి వినిపిస్తుండాలి. శబ్దం ఆగిందంటే చేయి ఆగాలి. ఏ అక్షరం మిగిలిందో చూసి దాన్ని కొట్టి కదలాలి. శబ్దం ఆపేసి ఆడకండి, శబ్దమే మీకు తప్పు చూపిస్తుంది.

సమానమైన లయలో కొట్టడం కూడా ముఖ్యం. తేలికైన అక్షరాలు గబగబా కొట్టి కష్టమైన వాటి దగ్గర తడబడేవాళ్ళ కంటే, అన్నిటినీ ఒకే వేగంతో నిదానంగా కొట్టేవాళ్ళే పదాన్ని ముందు పూర్తి చేస్తారు.

6. ఎవరిని ముందు చంపాలి?

తెర మీద ఒకేసారి ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ఈ వరుస పాటించండి. గాల్లో మన మీదికి వచ్చే వస్తువులకి మొదటి స్థానం. వాటి మీద సాధారణంగా ఒక్క అక్షరమే ఉంటుంది, ఒక్క దెబ్బతో పోతుంది. ఆ తర్వాత అందరికంటే దగ్గరగా ఉన్న జాంబీ. జాంబీలు పట్టుకున్న మనుషులు ఉంటే వాళ్ళని కాపాడండి, దానికి బహుమతిగా ప్రాణం దొరికే అవకాశం ఉంది. కానీ మీదికి వచ్చేసిన జాంబీని వదిలేసి మాత్రం కాదు.

పొడవైన పదం మోసుకొచ్చేవాడిని చివరికి వాయిదా వేయాలనిపిస్తుంది. వాడు దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టడం మంచిది, దగ్గరికొచ్చాక అంత పదం కొట్టే సమయం ఉండదు. తప్పు జాంబీ మీద గురి కుదిరిందంటే విడిపించుకునే కీ ఒకటి ఉంటుంది. అది ఏదో కంట్రోల్స్ పేజీలో చూసుకుని, ఆట మొదలుపెట్టే ముందే రెండు మూడుసార్లు నొక్కి అలవాటు చేసుకోండి.

7. నవ్వుని కూడా సాధన చేయాలి

ఇది పేరడీ అన్న సంగతి మరిచిపోకండి. గొడ్డలి పట్టుకుని అరుస్తూ వచ్చేవాడి ఛాతీ మీద వాడికీ ఆ సందర్భానికీ ఏ సంబంధమూ లేని వాక్యం ఉంటుంది. ఈ సిరీస్‌లో పొడిపొడిగా పలికే డైలాగులకి పెద్ద పేరుంది, పేరడీ దానికి ఇంకొంచెం ఉప్పు చల్లింది. అనుకోని వాక్యం చూసి నవ్వొస్తే వేళ్ళు స్థానం తప్పుతాయి. ఒక గడి పక్కకి జరిగిన చేయి మొత్తం వాక్యాన్ని తప్పు కొడుతుంది.

నవ్వు ఆపుకోనక్కర్లేదు. నవ్వినా చూపుడు వేళ్ళు ఎఫ్, జె గీతలు వదలకుండా ఉంటే చాలు. నిజానికి భయం ఒక్కటే ఉన్న ఆట అయితే భుజాలు బిగుసుకుపోయేవి. నవ్వు వాటిని వదులు చేస్తుంది. నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ ఉండడానికి కారణం అదే.

8. బాస్‌ల దగ్గర

పాత ఆటలో మొదటి బాస్ పేరు జడ్జిమెంట్. కవచం తొడుక్కున్న తలలేని భారీ శరీరం ఒకటి, చుట్టూ ఎగురుతూ దాన్ని నడిపించే చిన్న పిశాచం ఒకటి. ఈ సిరీస్‌లో బాస్‌ల పేర్లు జోస్యం చెప్పే టారో కార్డుల నుంచి తీసుకున్నవి: హైరోఫాంట్, టవర్, స్ట్రెంత్, మెజీషియన్, ఎంపరర్.

బాస్‌ల దగ్గర పరీక్ష మారుతుంది. విడి పదాల బదులు పూర్తి వాక్యాలు రావచ్చు, ప్రశ్న అడిగి జవాబుల్లో ఒకటి ఎంచుకుని టైప్ చేయమనడం కూడా ఉంటుంది. వాక్యాల్లో కామా, ప్రశ్నార్థకం, అపాస్ట్రఫీ లాంటివి వచ్చినప్పుడు చాలామంది ఆగిపోతారు. అక్షరాలు చూడకుండా వచ్చినా ఈ గుర్తులు రావు. అందుకని బాస్ దగ్గరికి వెళ్ళే ముందు నోట్‌ప్యాడ్‌లో ఈ గుర్తులున్న వాక్యాలు ఒక పేజీ కొట్టండి. కుడి చిటికెన వేలికి పని చెప్పే మంచి మార్గం అది.

ఒకే బాస్ దగ్గర మళ్ళీమళ్ళీ ఓడిపోతుంటే బాస్ విభాగంలో ఆ ఒక్కదాన్నే ఆడవచ్చు. అప్పటికీ రాకపోతే ఆ రోజుకి ఆపేయండి. అలసిన చేతులతో ఆడితే తప్పులే అలవాటవుతాయి.

9. రోజుకెంత?

20 నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు ఆడి వారమంతా మానేయడం కంటే రోజూ కాసేపు ఆడడం ఎంతో మేలు. మణికట్టు బల్ల అంచుకి ఒత్తుకోకుండా, వంగకుండా ముంజేతితో తిన్నగా ఉండాలి. మణికట్టులో నొప్పి, వేళ్ళలో తిమ్మిరి ఉంటే వెంటనే ఆపండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

తెలియని ఇంగ్లీషు పదాలు వస్తే?

ఇంగ్లీషు రోజూ వాడనివాళ్ళకి ఇది పెద్ద ఇబ్బందే. అర్థం తెలియని పదాన్ని అక్షరం అక్షరం చదువుకుంటూ కొట్టాల్సి వస్తుంది, వేగం పడిపోతుంది. ఇది మీ టైపింగ్ లోపం కాదు, దాన్ని చూసి నిరుత్సాహపడవద్దు. ఆట అయ్యాక గుర్తున్న పదాలు నోట్‌బుక్‌లో రాసుకుని అర్థం చూసుకోండి. సెగా వాళ్ళే జపాన్‌లో 2008లో నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే పరికరం కోసం ‘ఇంగ్లిష్ ఆఫ్ ది డెడ్’ అని ఇంకో ఆట తెచ్చారు. అందులో తుపాకీ, కీబోర్డు రెండూ లేవు, ఇంగ్లీషు పదాన్ని తెర మీద రాసి జాంబీని చంపాలి. అంటే జాంబీలతో ఇంగ్లీషు నేర్చుకోవడం మీ ఒక్కరికే వచ్చిన ఆలోచన కాదన్నమాట.

ఫలితం ఎలా చూసుకోవాలి?

స్టేజి పూర్తయ్యాక ఆట ఇచ్చే మార్కులు చూడండి కానీ వాటినే నమ్ముకోకండి. ఆటలో తప్పుని దిద్దే పని లేదు, పెద్ద అక్షరాల మీద పట్టింపు తక్కువ. ఆఫీసు పనిలో ఈ రెండూ తప్పవు. అందుకని వారానికొకసారి ఆట బయట పరీక్ష పెట్టుకోండి.

ఎప్పుడూ టైప్ చేయని ఇంగ్లీషు పేరా ఒకటి తీసుకోండి. ఫోన్‌లో 3 నిమిషాల టైమర్ పెట్టి, గుడ్డ కప్పుకుని, నోట్‌ప్యాడ్‌లో కొట్టండి. తర్వాత స్పేస్‌లతో సహా మొత్తం అక్షరాలు లెక్కించండి. దాన్ని 5తో భాగించాలి, ఎందుకంటే టైపింగ్ లెక్కలో 5 అక్షరాలని ఒక పదంగా తీసుకుంటారు. వచ్చినదాన్ని నిమిషాలతో భాగిస్తే మీ వేగం. ఉదాహరణకి 3 నిమిషాల్లో 450 అక్షరాలు కొట్టారనుకోండి: 450ని 5తో భాగిస్తే 90, దాన్ని 3తో భాగిస్తే నిమిషానికి 30 పదాలు.

ఖచ్చితత్వం కూడా చూడాలి. ఆ 450లో 18 తప్పులుంటే సరైనవి 432, అంటే 96 శాతం. నా లెక్క ఇది: 95 శాతం దాటనంతవరకు వేగం గురించి ఆలోచించకండి. 95 కంటే తక్కువ ఉంటే తర్వాతి వారమంతా ఇంకా నిదానంగా ఆడండి. ఆటలో కష్టం పెంచే సమయం ఎప్పుడొచ్చిందో కూడా ఈ అంకెతోనే తేల్చుకోండి, స్టేజి దాటామా లేదా అన్నదానితో కాదు.

నోట్‌బుక్‌లో తేదీ, వేగం, శాతంతోపాటు ఏ అక్షరాల దగ్గర తప్పులు పడ్డాయో రాయండి. రెండు మూడు వారాలకే అదే అక్షరాలు మళ్ళీమళ్ళీ కనపడతాయి. బి అక్షరాన్ని కుడి చేత్తో కొట్టడం, వై అక్షరాన్ని ఎడమ చేత్తో కొట్టడం చాలామందిలో చూశాను. పి, క్యూ, జెడ్ దగ్గర చిటికెన వేలి బదులు ఉంగరం వేలు దూకడం మరొకటి. ఇలాంటివి ఆట వేగంలో దొరకవు, నోట్‌ప్యాడ్‌లోనే దొరుకుతాయి. ఆ అక్షరాలున్న పదాలు ఓ పాతిక రాసుకుని, ఆటకి ముందు 5 నిమిషాలు నిదానంగా కొట్టండి.

పరీక్షలో వేగం పెరగకుండా ఆటలో మాత్రం స్టేజిలు దాటేస్తుంటే, మీరు ఆ స్టేజిల్లో జాంబీలు ఎక్కడినుంచి వస్తాయో బట్టీ పట్టేశారని అర్థం. ఇంకో అధ్యాయానికి మారండి. పరీక్షలో బాగా వచ్చి ఆటలో చచ్చిపోతుంటే సమస్య వేళ్ళలో లేదు, ఎవరిని ముందు కొట్టాలన్న ఎంపికలో ఉంది. 6వ అంచెకి తిరిగి వెళ్ళండి. గుడ్డ తీసేసి ఆడినా కప్పుకుని ఆడినా ఒకే ఫలితం వస్తుంటే గుడ్డని మడిచి పక్కన పెట్టేయవచ్చు.